బయటివాళ్ళెవరికీ ఇవ్వలేదు

విశాఖపట్నం,
జూన్ 18.

పెదనాన్నగారికి వందనాలు.

కవరు చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాలి నొప్పి కూడా తగ్గింది. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటారు కదా, చెప్తాను.

ఎండల్లో సెలవు పెట్టుకుని రాజోలు వచ్చి, చెమటలు కక్కుతూ మీ ల్యాబులో వైర్లు లాగి, రూటరు పెట్టి, అన్నీ చక్కబెట్టి వచ్చాను. వచ్చినప్పటినుంచీ ఫోన్లో అడుగుతూనే ఉన్నాను. "పెదనాన్నా, కంప్యూటర్ అప్‌డేట్ చేశారా?" అంటే "ఆయ్" అన్నారు. "రోజూ బ్యాకప్ తీస్తున్నారా?" అంటే "ఆయ్." "వచ్చేపోయేవాళ్ళకి రెండో వైఫైయే ఇస్తున్నారా?" "ఆయ్, ఆయ్." నేనూ ఆ నీళ్ళు తాగి పెరిగినదాన్నే. అయినా మోసపోయాను! నిన్న పెద్దమ్మతో మాట్లాడితే తెలిసింది, బ్యాకప్ కోసం నేను కొనిచ్చిన హార్డ్‌డిస్కు బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉందట. "ఖరీదైన వస్తువు కదమ్మా, పోతుందని మీ పెదనాన్న దాచేరు" అంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మీ ఆయ్‌కి "చేశాను" అని అర్థమా, "చేస్తాను" అనా, "వింటున్నానులే, కానియ్యి" అనా? ఈ వయసులో మీకు ఆ అలవాటు మాన్పించలేను. అందుకే ఉత్తరాలు. ఉత్తరంలో ఆయ్ అని రాసి ఊరుకోలేరు కదా. వాట్సాప్‌లో రాద్దామంటే అది పొద్దస్తమానం ల్యాబు కంప్యూటర్లో తెరిచే ఉంటుంది, నేను పెట్టేది రిపోర్టుల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా చదువుతారు.

మళ్ళీ మొదటినుంచీ చెప్తాను, దయచేసి రెండుసార్లు చదవండి. ల్యాబులో వైఫైలు రెండు. ఒకటి పనికోసం. మీ కంప్యూటరు, నాగదుర్గ పరీక్షలు చేసే గదిలో కంప్యూటరు, ప్రింటరు, ఇవే అందులో ఉండాలి. రొయ్యల చెరువుల రిపోర్టులు దాచే ఫోల్డరు ఆ వైఫైలో ఉన్న ఎవరికైనా తెరుచుకుంటుంది. దానికి వేరే పాస్‌వర్డు పెడతానంటే "ప్రతిసారీ కొట్టలేనమ్మా" అని మీరే వద్దన్నారు. రెండో వైఫై బయటివాళ్ళకి. అందులో వాళ్ళు వీడియోలు చూసుకోవచ్చు, మన రిపోర్టులు మాత్రం కనపడవు. ఇందులో అర్థంకానిదేముంది చెప్పండి?

ఏ చెరువుకి వైట్ స్పాట్ తెగులు తగిలిందో ఆ రైతు కంటే ముందు రొయ్యలు కొనే ఏజెంటుకి తెలిస్తే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. మన బేతెస్ద ల్యాబుకున్న పేరంతా ఆ రహస్యం దాచడంలోనే ఉంది. జవాబు రాయండి. వాక్యాల్లో.

మీ హన్నా.

* * *

రాజోలు,
జూన్ 27.

చిరంజీవి హన్నాకు పెదనాన్న దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. దస్తూరి బాగుంది గాని, 'ళ' రాసినచోటల్లా 'శ'లా కనపడుతోంది. చిన్నప్పుడు చెప్తే వినలేదు. ఇక నీ కోపం సంగతి. జీవితమంతా హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, రిటైరయ్యాక చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబు పెట్టి నడుపుతున్నవాణ్ణి, నాకు రెండు వైఫైల తేడా తెలియదనుకున్నావా?

హార్డ్‌డిస్కు బీరువాలోంచి తీశాను. మీ పెద్దమ్మ దానికి ఒక కుట్టుపని చేసిన గుడ్డ కప్పింది. అప్‌డేట్ కూడా చేశాను. చేశాను అని రాస్తున్నాను చూడు, ఆయ్ కాదు. ఎప్పుడు చేశాననుకున్నావు? సఖినేటిపల్లి నుంచి ఒక రైతు రిపోర్టు కోసం వచ్చి నిలబడ్డప్పుడు. అది నలభై శాతం దగ్గర చతికిలబడింది. రైతు టీ తాగాడు. తర్వాత మజ్జిగ తాగాడు. చూస్తే నలభై ఒకటి! ఆ మనిషి నా మొహంలోకి, నేను ఆ గిరగిర తిరిగే చుక్కల్లోకి చూస్తూ కూర్చున్నాం. ఇలాంటి యంత్రాలు కనిపెట్టినవాళ్ళు ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని ఎప్పుడైనా పనిచేశారా అని అడుగుతున్నాను.

ఆ పాస్‌వర్డొకటి. అందులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మధ్యలో ఆశ్చర్యార్థకం. ఏం చూసి ఆశ్చర్యపోయినట్టు? వ్యాకరణం లేని మాట. చెప్పేవాడికి నోరు తిరగదు, కొట్టేవాడికి వేలు తిరగదు. ఇక ఆ రెండో వైఫై నాకు మొదటినుంచీ నచ్చలేదు. మనం సన్నబియ్యం తింటూ గుమ్మంలోకొచ్చినవాళ్ళకి రేషను బియ్యం వండిపెట్టినట్టుంది. అయినా నువ్వు చెప్పావు గనక సరే.

ఇప్పుడు అసలు బాధ. మలికిపురం వైపు మాణిక్యాలరావు అని రైతు ఉన్నాడు, నువ్వు చూశావు, తెల్లమీసాలాయన. ఆయన చెరువు నీళ్ళూ, రొయ్యలూ నాగదుర్గ పరీక్ష చేస్తే వైట్ స్పాట్ అని తేలింది. నేను సాయంత్రం రిపోర్టు టైపు చేసి ఉంచాను. పొద్దున్న ఆయన వచ్చి తీసుకోవాలి. ఆయన ఇంట్లోంచి బయల్దేరకముందే ఏజెంట్లు చెరువు గట్టుమీద నిలబడ్డారట. "జబ్బు రొయ్యలు కదండీ, ఈ రేటుకయితే పట్టిస్తాం, లేకపోతే మీ ఇష్టమండి" అన్నారట. వాళ్ళడిగిన తక్కువ రేటుకే ఇచ్చుకున్నాడు పాపం, ఏం చేస్తాడు? ఇలా జరగడం ఇది రెండోసారి. నాకు అన్నం సహించడం లేదు.

వైఫై మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు.

నీ పెదనాన్న ఇశ్రాయేలు.

* * *

విశాఖపట్నం,
జూలై 4.

పెదనాన్నగారికి,

వైఫై బాగుందని "అందరూ" మెచ్చుకుంటున్నారా? ఎవరా అందరూ? అందులో ఉండాల్సింది మీ కంప్యూటరు, నాగదుర్గ కంప్యూటరు, ఒక ప్రింటరు. ప్రింటరు మెచ్చుకుందా?

సాయంత్రం టైపు చేసిన రిపోర్టు పొద్దుటికల్లా ఏజెంట్లకి తెలిసిందంటే అది ఆ ఫోల్డరులోంచే పోయి ఉండాలి. నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. పని వైఫై పాస్‌వర్డు ఎవరెవరి దగ్గరుంది? డొంకతిరుగుడు లేకుండా రాయండి. ఈసారి 'ళ' జాగ్రత్తగానే రాశాను, చూసుకోండి.

హన్నా.

* * *

రాజోలు,
జూలై 13.

హన్నమ్మా,

దేవుని సాక్షిగా రాస్తున్నాను, పాస్‌వర్డు బయటివాళ్ళెవరికీ ఇవ్వలేదు. ఒక్కరికి కూడా. నీ ప్రశ్నకి జవాబు అదే, ఇక ఆ మాట వదిలెయ్యి.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. మొన్న మాణిక్యాలరావు ఇంకో నలుగురు రైతుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. టీ ఇస్తే తాగారు. అరిచినా బాగుండేది. ఆయన గ్లాసు కిందపెట్టి, "మాస్టారూ, మిమ్మల్ని అనట్లేదండీ. మీరు దేవుడిలాంటి మనిషండి. కానండీ ఈ గదిలో మీరు కాకుండా ఇంకొకరే ఉంటారు కదండీ" అన్నాడు. అంటే నాగదుర్గ. ఆవిడ భర్త శివాజీ ఏజెంట్లకి ఐసు వ్యాను నడుపుతాడు. పగలు ఆవిడ పరీక్ష చేస్తుంది, రాత్రి ఇంట్లో చెప్తుంది, తెల్లారేసరికి ఆయన ఏజెంట్లకి చేరవేస్తాడు. వాళ్ళు అలా లెక్కగట్టుకున్నారు. "ఆవిడున్నంతకాలం మేం భీమవరం పోయి పరీక్ష చేయించుకుంటామండీ, ఏమీ అనుకోకండి" అన్నారు.

నేనేం చేయను చెప్పు? ఆవిణ్ణి పిలిచి, "కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉండమ్మా, గొడవ సద్దుమణిగాక కబురు చేస్తాను" అన్నాను. "ఆయ్" అంది. తెల్లకోటు విప్పి మేకుకి తగిలించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు.

తీసేశానని అనుకోకు. కొన్నాళ్ళే.

పెదనాన్న.

* * *

విశాఖపట్నం,
జూలై 19.

పెదనాన్నగారికి,

మీ ఉత్తరం ఆఫీసుకి పట్టుకెళ్ళి చదివాను, పొరపాటు చేశాను. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

ఆవిణ్ణి ఒక్క మాటైనా అడిగారా? "రిపోర్టు సంగతి ఇంట్లో చెప్పావా అమ్మా" అని ఒక్క ప్రశ్న? బెంచీ మీద కూర్చున్న ఐదుగురు చెప్పింది విన్నారు. ల్యాబు మొదలుపెట్టిన రోజునుంచీ మీ పక్క గదిలో మైక్రోస్కోపు మీద వంగి పనిచేసిన మనిషిని మాత్రం ఇంటికి పొమ్మన్నారు. అసలు ఏ నేరమని చెప్పారు? ఏదీ చెప్పకుండా కోటు విప్పించడం ఇంకా ఘోరం. ఇప్పుడు రాజోలు నుంచి అంతర్వేది దాకా అందరూ ఆవిడే అనుకుంటారు. ఇంకే ల్యాబువాళ్ళు ఆవిడకి పనిస్తారు? అది ఆలోచించారా?

మళ్ళీ అడుగుతున్నాను. "బయటివాళ్ళెవరికీ ఇవ్వలేదు" అని రాశారు. బాగుంది. మరి లోపలివాళ్ళు ఎవరు? మీ భాషలో "మనవాళ్ళు" అంటే ఎవరెవరు? పేర్లు రాయండి. ఒక్కటి కూడా వదలకుండా.

హన్నా.

* * *

రాజోలు,
జూలై 28.

చిరంజీవి హన్నాకు,

పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి ఇదేనా? పోనీలే. నీ బాధ నాకు తెలియనిది కాదు.

నాగదుర్గ లేకపోయేసరికి పరీక్షలు నేనే చేస్తున్నాను. మైక్రోస్కోపులో నా కనురెప్పలే కనిపిస్తున్నాయి. నిన్న ఒకాయన చెరువులో ఏదో భయంకరమైన పురుగుందని రాయబోయి మళ్ళీ చూస్తే అది అద్దం మీద గీత. రైతులు సీసాలు పట్టుకుని వరండాలో నిలబడుతున్నారు. మీ పెద్దమ్మ "ఆ పిల్లని పిలవండి" అని రోజూ ఒకసారి అంటుంది. నేను వినిపించుకోను.

పేర్లు అడిగావు. రాస్తాను, ఇందులో దాచేదేముంది? మన పాస్టరుగారి అబ్బాయి దీపక్, ఆదివారం పాటల కోసం. మందుల షాపు సురేంద్ర. కరెంటు లైనుమన్, స్తంభం దిగి చెమటలు తుడుచుకుంటూ అడిగితే ఎలా కాదంటాను? గ్యాసు బండ తెచ్చే అతను. మా స్కూల్లో తెలుగు చెప్పిన సత్యనారాయణమ్మగారు, ఆవిడ మనవరాళ్ళిద్దరు. రొయ్యల మేత కొట్టు వాళ్ళు ముగ్గురో నలుగురో. సుందరరావు. సుందరరావు తెలుసు కదా, టెన్తులో నా స్టూడెంటు, ఇప్పుడు రొయ్యలు కొంటాడు. రోజూ పొద్దున్నే వచ్చి "మాస్టారూ, వందనాలండీ" అని చేతులు కట్టుకుని నిలబడతాడు. కూర్చోమంటే గాని కూర్చోడు. ఈ రోజుల్లో అంత భక్తి ఎవరికుంది? ఇంకా ఉన్నారు, గుర్తొచ్చాక రాస్తాను. వీళ్ళల్లో బయటివాడు ఎవడో నువ్వే చెప్పు. అందరూ మా ఇంట్లో టీ తాగినవాళ్ళే.

అడిగావు గనక ఇంకోటి కూడా. ఆ రెండో వైఫై నేను ఆపేశాను. చాలా రోజులైంది. మొదట్లో సుందరరావుకి అదే ఇస్తే, పాపం ఫోన్లో బొమ్మ ఆగి ఆగి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. మన ఇంటికొచ్చిన మనిషికి రెండో రకం పెట్టి, మనం మంచిది వాడుకోవడమా? మన వైపు అలా చేస్తారా ఎవరైనా? అందుకని అందరికీ మంచిదే ఇచ్చాను. నువ్వు పెట్టిన ఆ పాస్‌వర్డు నోటితో చెప్పడం నావల్ల కాక, చిన్న చీటీల మీద గుండ్రంగా రాసి టీ గ్లాసుల పక్కన పెట్టాను. ఒక్కరు కూడా తప్పు కొట్టలేదు.

సుందరరావుకి ఆధార్ కాపీ కావాలంటే, మన ఫోల్డరులో వేసుకుని మన ప్రింటరు మీద తీసుకోమని నేనే నేర్పాను. ఒక్కసారి చెప్తే పట్టేశాడు. బళ్ళో ఉండగా అంత చురుకుండేది కాదు.

పెదనాన్న.

* * *

విశాఖపట్నం,
ఆగస్టు 2.

పెదనాన్నగారికి,

మీ ఉత్తరం చదివి కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నాన్న వచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు.

రొయ్యలు కొనే ఏజెంటుకి రొయ్యల జబ్బుల రిపోర్టులున్న ఫోల్డరు ఎలా తెరవాలో కూర్చోబెట్టి నేర్పించారా? టీ ఇచ్చి మరీ?

సరే, ఇప్పుడు తిట్టి లాభం లేదు. సుందరరావే అని నాకు అనిపిస్తోంది గాని, చీటీలు పంచినవాళ్ళ పేర్లు చూస్తే సగం రాజోలు ఉంది. రుజువు లేకుండా ఒక మనిషి మీద నిందవేస్తే ఏమవుతుందో ఇప్పటికే ఒకసారి చూశాం. కాబట్టి ఈ వారం ఏదీ మార్చకండి. పాస్‌వర్డు అలాగే ఉంచండి, చీటీలూ ఉంచండి, టీలూ ఇవ్వండి. చేయాల్సింది ఒక్కటే. ఎక్కడా లేని ఒక చెరువు పేరు మీద వైట్ స్పాట్ వచ్చినట్టు రిపోర్టు టైపు చేసి ఆ ఫోల్డరులో పెట్టండి. ప్రింటు తీయకండి, ఎవరికీ చెప్పకండి, పెద్దమ్మకి కూడా. ఆ లేని చెరువు సంగతి ఎవరి నోట వస్తుందో చూద్దాం.

ఇంకొక్క మాట. మీ "మనవాళ్ళ" పేర్లు మళ్ళీ చదువుకోండి. గ్యాసు బండ తెచ్చేవాడు ఉన్నాడు. అందులో నాగదుర్గ పేరు లేదు.

హన్నా.

* * *

రాజోలు,
ఆగస్టు 14.

చిరంజీవి హన్నాకు,

నువ్వు చెప్పిన పని నాకు చాలా కష్టమైంది. అబద్ధపు రిపోర్టు రాయమంటావా? నా సంతకం కింద ఇంతవరకూ అబద్ధమన్నది లేదు. రెండు రోజులు గుంజాటన పడ్డాను. తర్వాత పెరట్లోకి వెళ్ళాను. అక్కడ బట్టలుతికే బండ పక్కన సిమెంటు తొట్టి ఉంది చూడు, నువ్వు చిన్నప్పుడు దిగి కూర్చునేదానివి. అందులో వానకి నిలిచిన నీళ్ళు ఒక సీసాలో పట్టి పరీక్ష చేశాను. ఫలితం నిజంగానే దారుణంగా వచ్చింది. ఆ నీళ్ళల్లో రొయ్య పిల్ల ఒక పూట కూడా బతకదు. "ఇశ్రాయేలు మాస్టారి పెరటి చెరువు, పరిస్థితి విషమం, రొయ్యలకు పనికిరాదు" అని టైపు చేసి ఫోల్డరులో పెట్టాను. వైట్ స్పాట్ అని మాత్రం రాయలేదు, లేనిది ఎలా రాస్తాను? తొట్టిని చెరువన్నందుకు ప్రభువు క్షమిస్తాడనుకుంటున్నాను.

రెండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. మూడోరోజు పొద్దున్న మాణిక్యాలరావు కొత్త చెరువు నీళ్ళు తీసుకుని వచ్చాడు, భీమవరం వెళ్ళడానికి బస్సు దొరక్క. బెంచీ మీద కూర్చున్నాడు. అప్పుడొచ్చాడు సుందరరావు. రోజూ ఉత్తచేతులతో వచ్చేవాడు, ఆవేళ రెండు చేతులా కొబ్బరి బొండాలు. మంచంపట్టినవాళ్ళని చూడ్డానికి వచ్చినట్టు మొహం పెట్టాడు. వాటిని నా బల్ల పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "మాస్టారూ, మమ్మల్ని బయటివాళ్ళనుకున్నారాండీ?" అన్నాడు.

"ఏమయ్యా?" అన్నాను.

"మీరు చెరువు వేసేరంట. ఒక్క మాట చెప్పలేదు. పోనీ వేసేరు. దానికీ జబ్బు తగిలిందంట కదండీ. ఈ వయసులో మీకేంటండీ ఈ కష్టం? నేను లేనాండీ? ఎంత జబ్బు రొయ్యలైనా సరే, మీకు మాత్రం మంచి రేటే వేసి పట్టిస్తానండీ."

హన్నా, నిజం రాస్తున్నాను. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకోసం నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధ ఆపుకోలేకే దొరికిపోయాడు.

"రావయ్యా, చెరువు చూపిస్తాను" అని లేచాను. మాణిక్యాలరావు కూడా, "మీకు చెరువెక్కడిదండీ?" అంటూ వెనకాలే వచ్చాడు. పెరట్లో తొట్టి దగ్గర నిలబడి, "ఇదే. దీని సంగతి నీకెవరు చెప్పారు? నేను నోరు విప్పలేదు. కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా రాయలేదు" అన్నాను. సుందరరావు తొట్టిలోకి చూశాడు. అందులో దోమపిల్లలు తిరుగుతున్నాయి. మాణిక్యాలరావుకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కండువా భుజం మీంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. కొడతాడేమోనని భయపడ్డాను. "నా చెరువు కూడా ఇలాగే చూసేవా?" అని మాత్రం అడిగాడు.

సుందరరావు అతనికి జవాబు చెప్పకుండా నాతో అన్నాడు. "నేనేం దొంగతనం చేయలేదండీ. వైఫై మీరే ఇచ్చేరు. ఫోల్డరు మీరే చూపించేరు. దాచుకునేవి అయితే నాకెందుకు చూపిస్తారనుకున్నానండి."

చెంప పగలగొట్టినట్టయింది. వాడు చేసింది ద్రోహమే, అందులో సందేహం లేదు. మళ్ళీ నా గడప తొక్కొద్దని చెప్పాను. కానీ వాడన్నది అబద్ధం కాదు. బొండాలు అక్కడే వదిలేసి పోయాడు. అవి ఎవరూ తాగలేదు.

మాణిక్యాలరావు వెళ్తూ, "నాగదుర్గమ్మ సంగతి నేను తొందరపడి అన్నానండీ" అన్నాడు. అన్నది ఆయనే, కానీ ఆవిడ కోటు విప్పించింది నేను.

పెదనాన్న.

* * *

విశాఖపట్నం,
ఆగస్టు 20.

పెదనాన్నగారికి వందనాలు.

తొట్టి దగ్గరి సంగతి నాన్నకి చదివి వినిపించాను. నాన్న పడీపడీ నవ్వాడు, తర్వాత నాగదుర్గ ఎలా ఉందని అడిగాడు.

ఇక మిగిలిన పని ఉంది. పాస్‌వర్డు మార్చాలి, చీటీలు కాల్చేయాలి, రెండో వైఫై మళ్ళీ పెట్టాలి, ఫోల్డరుకి వేరే పాస్‌వర్డు పెట్టాలి. ఎలాగో వేరే కాగితం మీద బొమ్మలేసి పంపుతున్నాను. కానీ అది మీరు చేయొద్దు. నాగదుర్గ చేస్తుంది, ఎండల్లో నేను వైర్లు లాగుతుంటే పక్కన నిలబడి అన్నీ చూసింది.

ఆవిడకి ఫోన్ చేయకండి. కబురు పంపకండి. మీరే వెళ్ళండి. ఆవిడ ఏమన్నా వినండి, మధ్యలో 'ళ'లు దిద్దకండి.

మీ హన్నా.

* * *

రాజోలు,
సెప్టెంబరు 5.

చిరంజీవి హన్నాకు పెదనాన్న దీవెనలు.

వెళ్ళాను. ఆటోలో పల్లిపాలెం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాను. ఆవిడ అత్తగారు సూరమ్మ వాకిట్లో వల బాగుచేసుకుంటోంది. నన్ను చూసి లేవలేదు. "ఉందండీ లోపల" అని తల తిప్పింది. శివాజీ వ్యాను పని కూడా మానేశాడట, మాట పడలేక. నాకు ఆ సంగతి తెలియదు.

నాగదుర్గ బయటికొచ్చి కుర్చీ వేసింది. నేను దారంతా అనుకుంటూ వెళ్ళిన మాటలు ఒక్కటీ రాలేదు. "తప్పైపోయిందమ్మా. ముందు నిన్ను అడగాల్సింది. అడగలేదు" అన్నాను. సుందరరావు సంగతి, తొట్టి సంగతి చెప్పాను. ఆవిడకి అప్పటికే తెలుసు. ఊరంతా తెలుసట.

ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి, "ఆ చీటీలు అందరికీ ఇచ్చేరంట కదండీ" అంది.

"ఇచ్చానమ్మా, నా తెలివి తక్కువ."

"నాకివ్వలేదండీ."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "గ్యాసతనికి ఇచ్చేరు, లైనుమన్‌కి ఇచ్చేరు. నా ఫోన్లో మన ల్యాబు వైఫై ఒక్కరోజు కూడా లేదండీ. ఇన్నాళ్ళూ నా డేటా నేనే వేయించుకున్నాను. నాకు కావాలని కాదండీ. ఇస్తారేమోనని చూసేను. తర్వాత చూడ్డం మానేసేను." ఇలా చెప్పింది. కోపంగా కూడా కాదు.

హన్నా, నా పేర్లలో ఆవిడ లేదని నువ్వు ఉత్తరంలో రాసినప్పుడు చదివి పక్కన పెట్టాను. ఆవిడ నోట విన్నాక ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. నడిచొచ్చే ప్రతివాణ్ణీ మనవాడనుకున్నాను. పక్క గదిలో ఉన్న మనిషిని ఏమనుకున్నానో ఆలోచిస్తే నాకే సిగ్గేసింది.

సోమవారం వచ్చింది. మేకుకున్న కోటు తీసి దులిపి వేసుకుంది. నీ బొమ్మల కాగితం ముందు పెట్టుకుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చుంది. అన్నీ మార్చేసింది. ఇప్పుడు పని వైఫై పాస్‌వర్డు ఆవిడ దగ్గరే ఉంది. నా కంప్యూటర్లో ఆవిడే వచ్చి కొట్టి వెళ్తుంది, నేను కళ్ళు పక్కకి తిప్పుకోవాలి. నా ఫోను కోసం అడిగితే ఒక చీటీ రాసిచ్చింది. చూస్తే అది రెండో వైఫై! వచ్చేపోయేవాళ్ళది! బొమ్మ ఆగి ఆగి వస్తోంది. నేను పెట్టిన ల్యాబు, నేను కట్టే కరెంటు బిల్లు, నాకు రేషను వైఫై. "ఇదేమిటమ్మా, మాస్టారికి కూడానా?" అంటే, "హన్నాగారు అలాగే రాసేరండీ" అంది. నువ్వు అలా రాశావా? ఎక్కడా కనపడలేదు నాకు.

రైతులు తిరిగొస్తున్నారు. మాణిక్యాలరావు ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడ సీసా తీసుకుని లోపలికెళ్ళిపోయింది. శివాజీ ఇంకా ఖాళీగానే ఉన్నాడు. సుందరరావు సంగతి బయటపడ్డాక ఇక్కడి ఏజెంట్ల దగ్గర ఇక పని దొరకదట, అమలాపురంలో కొబ్బరి లారీల వాళ్ళకి నేనే చెప్పాను.

ఒక్కటే సరిపడలేదు. వచ్చిన రోజునుంచీ ఆవిడ మా ఇంటి టీ తాగడం లేదు. ఇదివరకు మీ పెద్దమ్మ ఇస్తే తాగేది, ఇప్పుడు ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటోంది. వద్దని అనదు. పెద్దమ్మ గ్లాసు పెట్టి వస్తుంది, సాయంత్రానికి అది చల్లారి మీగడ కట్టి ఉంటుంది. నేను చూస్తూ ఊరుకునేవాణ్ణి, అడగడం మర్యాద కాదని. నిన్న సాయంత్రం ఆ గదిలోకి వెళ్తే గ్లాసు ఖాళీగా ఉంది. తాగిందో, కిటికీలోంచి మొక్కకి పోసిందో తెలియదు. ఈసారి ఊరుకోలేదు. గుమ్మంలో నిలబడి అడిగాను.

"టీ తాగేవా అమ్మా?"

మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే, "ఆయ్" అంది.

నీ పెదనాన్న
ఇశ్రాయేలు.